డేటాబేస్ సర్వర్‌లో సీపీయూ కారణం తెలియకుండా పెరిగిపోతుంటే

సీపీయూ 95 శాతం దాటి కిందికి దిగడం లేదని ఫోన్ రాగానే నేను ముందు అడిగేది ఒక్కటే: రీస్టార్ట్ చేశారా? చేయలేదంటే ప్రాణం కుదుటపడుతుంది. చేసేశామంటే సగం ఆధారాలు పోయినట్టే. ఆ నిమిషానికి ఏ క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) నడుస్తోందో, ఎన్ని కనెక్షన్లు పనిలో ఉన్నాయో, ఏ ప్రాసెస్ ఎంత తింటోందో చెప్పే వివరాలన్నీ రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. సర్వర్ కాసేపు తేలికపడుతుంది. మర్నాడు పొద్దున పదింటికి, జనం పనిలో కూర్చోగానే, మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి మీ దగ్గర నిన్నటి సమాచారం కూడా ఉండదు.

నేను హైదరాబాద్‌లో ఉంటూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు చూసుకుంటాను. పెద్ద బ్యాంకులవి కాదు. విత్తనాల డీలర్ల బిల్లింగ్, స్కూలు ఫీజులు, డయాగ్నస్టిక్ సెంటర్ల రిపోర్టులు, ఇలాంటివి. ఈ సంస్థల్లో విడిగా డీబీఏ (డేటాబేస్ చూసుకునే నిపుణులు) ఉండరు. కోడ్ రాసే పిల్లలే సర్వర్ కూడా చూసుకుంటారు. టెన్షన్‌లో ఏం చేయాలో తోచని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కమాండ్లు లినక్స్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్‌వి. మైఎస్‌క్యూఎల్ అయితే పేర్లు మారతాయి గానీ వెతికే వరుస ఇదే.

ముందు బయటి నుంచి చూడండి

సర్వర్‌లోకి లాగిన్ అయి టాప్ కమాండ్ ఇవ్వండి. అందరి కళ్లూ కింద ప్రాసెస్‌ల జాబితా మీదకే పోతాయి. పైన సీపీయూ వరుసలో ఈ నాలుగు అంకెలు ముందు చదవండి. యూఎస్ ఎక్కువగా ఉంటే ప్రోగ్రాములు నిజంగానే లెక్కల్లో మునిగి ఉన్నాయి, డేటాబేస్ విషయంలో సాధారణంగా అది క్వెరీల పనే. ఎస్‌వై ఎక్కువగా ఉంటే శ్రమంతా కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో జరుగుతోంది. అప్పుడు కనెక్షన్ల గందరగోళాన్నో, మెమరీ సర్దుబాట్లనో అనుమానించాలి. డబ్ల్యూఏ ఎక్కువగా ఉందంటే సీపీయూ ఖాళీగానే ఉండి డిస్క్ కోసం ఎదురుచూస్తోంది; మీరు వెతకాల్సిన చోటు వేరు. ఎస్‌టీ కనిపిస్తే మీ వర్చువల్ మెషీన్‌కు రావాల్సిన సమయాన్ని కింద ఉన్న అసలు మెషీన్ ఇవ్వడం లేదని అర్థం. క్లౌడ్‌లో తక్కువ ధరకు దొరికే బర్స్ట్ రకం మెషీన్లలో క్రెడిట్లు (అదనంగా సీపీయూ వాడుకోవడానికి ఇచ్చే కోటా) అయిపోయినప్పుడు ఇలా అవుతుంది. క్వెరీలను ఎంత సరిదిద్దినా అది తగ్గదు.

లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఆగిన ప్రాసెస్‌ల సగటు సంఖ్య) 40 చూసి కంగారు పడకండి. లినక్స్ ఆ లెక్కలో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లను కూడా కలుపుతుంది. లోడ్ ఎక్కువ, సీపీయూ తక్కువ ఉన్న సర్వర్లు చాలానే ఉంటాయి.

తర్వాత టాప్‌లోనే 1 నొక్కండి. కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్క కోర్ మాత్రమే నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే ఎవరో ఒకరి క్వెరీ ఇరుక్కుంది. అన్నీ సమానంగా నిండితే చాలామంది ఒకేసారి అదే బరువైన పని చేస్తున్నారు. చిన్న సీ నొక్కితే ప్రాసెస్ పూర్తి పేరు వస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ పెడుతుంది కాబట్టి ఆ పేరులోనే యూజర్, డేటాబేస్, ఎక్కడి నుంచి వచ్చిందన్న ఐపీ, ఇప్పుడు సెలెక్ట్ చేస్తోందా ఖాళీగా ఉందా అన్నీ ఉంటాయి. ఒక్క అప్లికేషన్ సర్వర్ ఐపీయే వరుసగా కనబడితే మీ వెతుకులాట సగం తగ్గినట్టే.

ఇవన్నీ చూసి ఊరుకోకండి. ఫైల్‌లోకి సేవ్ చేసుకోండి. గంట తర్వాత గుర్తుంటుందనుకున్నది ఏదీ గుర్తుండదు.

ఇప్పుడు డేటాబేస్ లోపల

పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కోసం మామూలుగా 3 కనెక్షన్లు విడిగా అట్టిపెడుతుంది. కనెక్షన్లు నిండిపోయాయన్న ఎర్రర్ వస్తున్నా ఆ దారిలో లోపలికి వెళ్లొచ్చు. అందుకే అప్లికేషన్‌కు సూపర్‌యూజర్ ఇవ్వకూడదు. ఇస్తే ఆ మూడింటినీ కూడా అదే వాడేస్తుంది.

లోపల చూడాల్సింది పీజీ_స్టాట్_యాక్టివిటీ, ఇప్పుడు ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే వ్యూ. స్టేట్ యాక్టివ్ అని ఉన్న వరుసలను క్వెరీ_స్టార్ట్ ప్రకారం పాతవి ముందు వచ్చేలా తెచ్చుకోండి. పక్కనే వెయిట్_ఈవెంట్_టైప్ గడి చూడండి. యాక్టివ్‌గా ఉండి ఆ గడి ఖాళీగా ఉంటే ఆ కనెక్షన్ దేనికోసమూ ఆగడం లేదు, సీపీయూ మీద నడుస్తోందని దాదాపు ఖాయం. లాక్ అని ఉంటే అది బాధితురాలే తప్ప కారణం కాదు. ఈ తేడా తెలియక ఎక్కువసేపటి నుంచి ఆగి ఉన్న క్వెరీని చంపేసి, అసలుదాన్ని వదిలేస్తుంటారు.

ఒక్కసారి చూస్తే చాలదు. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ వాచ్ 5 అని ఇస్తే అదే క్వెరీ ఐదు సెకన్లకోసారి తిరిగి నడుస్తుంది. ఒకటి రెండు నిమిషాలు అలా చూస్తే మళ్లీ మళ్లీ వచ్చే ముఖం ఏదో తెలిసిపోతుంది.

దొరికినదాన్ని ఆపాలంటే పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్‌కు దాని పిడ్ (ప్రాసెస్ నంబరు) ఇవ్వండి. వినకపోతే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్. కిల్ మైనస్ 9 మాత్రం వద్దు. ఒక్క బ్యాకెండ్ (కనెక్షన్ ప్రాసెస్) అలా చచ్చినా అన్నీ పంచుకునే షేర్డ్ మెమరీ పాడయ్యుండొచ్చని పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి, రికవరీ చేసుకుని తిరిగి లేస్తుంది. ఒక రిపోర్టు ఆపబోయి ఊరందరి బిల్లింగ్ ఆపినట్టవుతుంది.

అయితే యాక్టివిటీలో కనిపించేది ఆ క్షణం మాత్రమే. అర మిల్లీసెకను కూడా పట్టని క్వెరీ అందులో కంటికి ఆనదు. లెక్క వేయండి: 0.4 మిల్లీసెకన్ల క్వెరీ సెకనుకు 10,000 సార్లు వస్తే, ప్రతి సెకనుకూ 4 సెకన్ల సీపీయూ కావాలి. నాలుగు కోర్లు దానికే సరిపోయాయి. స్లో క్వెరీ లాగ్‌లో దాని పేరే ఉండదు. లిస్టు స్క్రీన్‌లో ఒక్కో వరుసకూ విడిగా కస్టమర్ పేరు తెచ్చుకునే లూప్ ఎవరైనా రాస్తే ఇలాగే అవుతుంది. దీన్ని పట్టేది పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్, ప్రతి క్వెరీ ఎన్నిసార్లు, మొత్తం ఎంతసేపు నడిచిందో కూడిపెట్టే ఎక్స్‌టెన్షన్. అందులో మీన్ (సగటు) ప్రకారం కాదు, టోటల్_ఎగ్జిక్_టైమ్ ప్రకారం పైనుంచి పది తీయండి (12, అంతకు ముందు వెర్షన్లలో దాని పేరు టోటల్_టైమ్). కాల్స్ ఎన్నో పక్కనే పెట్టుకోండి. అది మొదటి నుంచి కూడుతూ వచ్చిన లెక్క కాబట్టి, ఇప్పుడొకసారి, పది నిమిషాల తర్వాత ఒకసారి తీసి తేడా చూడాలి. ఈ ఎక్స్‌టెన్షన్‌ను షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి సర్వర్ రీస్టార్ట్ చేస్తేనే పనిచేస్తుంది. మంట అంటుకున్నాక చేసే పని కాదది. ఈ ఆదివారమే పెట్టేయండి.

కోడ్ మారకపోయినా క్వెరీ ఎందుకు మారుతుంది

క్వెరీ దొరికాక చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అదే క్వెరీ పోయిన నెల బాగానే నడిచింది కదా, ఇవాళ ఏమైంది? దీనికి జవాబు దొరికేదాకా పని పూర్తి కానట్టే. ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. కారణం తెలియని సీపీయూ అంటూ నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం దీని చుట్టాలే.

జిల్లాల్లో విత్తనాల డీలర్లు వాడే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. జూన్ మొదటి వారం, వానలు పడి పత్తి విత్తనాల కోసం జనం దుకాణాల ముందు నిలబడ్డ రోజులు. ఉదయం పది నుంచి ఎనిమిది కోర్లూ నిండిపోతున్నాయి. ఫోన్ చేసిన కుర్రాడు, “అక్కా, కోడ్‌లో నెల రోజులుగా ఎవరం చెయ్యి పెట్టలేదు, ఒట్టు” అన్నాడు. అతను చెప్పింది నిజమే. డిప్లాయ్‌మెంట్ ఏదీ జరగలేదు. అమ్మకాలు పెరిగాయి కాబట్టి పెద్ద మెషీన్ తీసుకుందామని వాళ్ల యజమాని అప్పటికే కొటేషన్ తెప్పించారు.

డిస్క్ ఖాళీగా ఉంది. యూఎస్ మాత్రమే ఎక్కువ. యాక్టివిటీలో ఒకే రిపోర్టు పదీ పన్నెండు సార్లు కనబడుతోంది, ఒక్కొక్కటీ నిమిషాల తరబడి. “ఈ సీజన్‌లో కంపెనీల వారీగా అమ్మకాలు” అనే రిపోర్టు అది. రిపోర్టు రాకపోతే మనిషి ఏం చేస్తాడు? రిఫ్రెష్ కొడతాడు. పాతది లోపల నడుస్తూనే ఉంటుంది, కొత్తది దాని పక్కన చేరుతుంది.

బిల్లుల టేబుల్‌లో సుమారు 60 లక్షల వరుసలు, బిల్లులోని ఐటమ్‌ల టేబుల్‌లో 3 కోట్లు. రెండింటిలోనూ సీజన్ కోడ్ అనే కాలమ్ ఉంది: ఏటా ఖరీఫ్ ఒకటి, రబీ ఒకటి. మొత్తం కలిపి పన్నెండు రకాల విలువలే. జూన్ 1న కొత్త ఖరీఫ్ కోడ్ మొదలైంది.

పోస్ట్‌గ్రెస్ ప్లానర్, అంటే క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే భాగం, ప్రతి కాలమ్‌కూ ఎక్కువగా కనబడే విలువల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుంటుంది. ఆ జాబితాను తాజా చేసేది ఎనలైజ్. అది దానంతటదే నడవాలంటే మామూలు సెట్టింగ్ ప్రకారం టేబుల్‌లో 10 శాతం వరుసలు, పైన మరో 50 మారాలి. మూడు కోట్లలో పది శాతమంటే 30 లక్షలు. మొదటి వారంలో చేరిన కొత్త ఐటమ్‌లు దాదాపు 2 లక్షలు. ఆటో ఎనలైజ్ రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఈలోగా ప్లానర్ చేతిలో ఉన్న పన్నెండు కోడ్‌ల పాత జాబితాలో కొత్త ఖరీఫ్ లేదు. ఉన్న విలువలన్నీ జాబితాలోనే ఉన్నాయి కాబట్టి, లేని కోడ్ అడిగితే అలాంటి వరుస ఒక్కటే వస్తుందని అది అంచనా వేసింది.

ఒక్క బిల్లు, ఒక్క ఐటమ్ అనుకుంటే ఏ దారిలో కలిపినా ఖర్చు ఒకేలా కనిపిస్తుంది. అందుకని ప్లానర్ నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ప్రతి వరుసకూ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి) ఎంచుకుంది. అందులోనూ ఐటమ్‌లను బిల్లు నంబరు ఇండెక్స్‌తో (వరుసలను త్వరగా వెతికే సూచిక) కాకుండా సీజన్ కోడ్ ఇండెక్స్‌తో తెచ్చుకుంది. నిజంగా ఉన్నవి 40 వేల బిల్లులు. ప్రతి బిల్లుకూ ఈ సీజన్‌లోని 2 లక్షల ఐటమ్‌లన్నీ తిరగేసి, బిల్లు నంబరు సరిపోని వాటిని పారేయాలి. మొత్తం 800 కోట్ల పోలికలు. డేటా అంతా మెమరీలోనే ఉంది కాబట్టి డిస్క్ అలికిడి ఉండదు, సీపీయూ మాత్రం కాలిపోతుంది. నిరుడు ఇదే నెలలో ఎందుకు రాలేదంటే, అప్పుడు డీలర్లు సగమే. బిల్లులూ సగం, ఐటమ్‌లూ సగం, పని నాలుగో వంతు. కాస్త నెమ్మదిగా ఉందనుకుని ఊరుకున్నారు.

ఇది ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో (ప్లానర్ ఎంచుకున్న దారినీ నిజంగా జరిగిన పనినీ చూపే కమాండ్) కంటికి కనబడుతుంది. అంచనా వేసిన రోస్ 1 అని ఉండి, పక్కన నిజంగా వచ్చినవి వేలల్లో ఉంటే, లూప్స్ అంకె పెద్దదిగా ఉంటే, రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ అనే వరుసలో పెద్ద సంఖ్య ఉంటే అదే మీ దొంగ. ఒక జాగ్రత్త: ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగా నడుపుతుంది. అసలే ఊపిరాడని సర్వర్ మీద ముందు ఉత్త ఎక్స్‌ప్లెయిన్‌తో ప్లాన్ చూడండి. ఒకే సీజన్‌కు రోస్ 1 అని కనిపిస్తే అనుమానించడానికి అది చాలు, ఎన్ని ఉన్నాయో కౌంట్‌తో సరిచూసుకోవచ్చు. పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_ఆటోఎనలైజ్ తేదీ కూడా చూడండి. ఇక్కడ అది ఏప్రిల్‌లో ఆగి ఉంది.

ఇరుక్కున్న రిపోర్టులను క్యాన్సిల్ చేసి రెండు టేబుళ్ల మీదా ఎనలైజ్ నడిపించాం. అది టేబుల్ అంతా చదవదు, మామూలు సెట్టింగ్‌తో 30 వేల వరుసల నమూనా తీసుకుంటుంది కాబట్టి పని నడుస్తున్న పూట కూడా భయం లేకుండా చేయొచ్చు. వెంటనే ప్లాన్ హ్యాష్ జాయిన్‌కు (రెండు టేబుళ్లనూ ఒక్కోసారే చదివి కలిపే పద్ధతి) మారింది, రిపోర్టు సెకన్లలో వచ్చింది, సీపీయూ దిగింది. మళ్లీ రాకుండా ఆ రెండు టేబుళ్లకు మాత్రం ఆటోవాక్యూమ్_ఎనలైజ్_స్కేల్_ఫ్యాక్టర్‌ను ఆల్టర్ టేబుల్‌తో 0.01కి, అంటే 10 శాతం నుంచి 1 శాతానికి తగ్గించాం. సీజన్ కోడ్ కొత్తగా మొదలయ్యే వారంలో ప్రతి రాత్రీ ఎనలైజ్ నడిచేలా క్రాన్ (అనుకున్న వేళకు కమాండ్ నడిపే ఏర్పాటు) కూడా పెట్టాం. కొత్త మెషీన్ కొనలేదు. కొని ఉంటే రెట్టింపు కోర్లతో ఇంకో నాలుగైదు రోజులు నెట్టుకొచ్చేవాళ్లు, బిల్లులు రెట్టింపు కాగానే పని నాలుగింతలయ్యేది.

మీది విత్తనాల సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చు. కొత్త విద్యా సంవత్సరం కోడ్, కొత్త బ్రాంచ్, కొత్త స్టేటస్, ఏప్రిల్ 1న మారే ఆర్థిక సంవత్సరం, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

మిగతా కారణాలు, త్వరగా

పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చిన మర్నాడే సీపీయూ పెరిగితే ముందు ఎనలైజ్ చేశారో లేదో చూడండి. 18వ వెర్షన్‌కు ముందు పీజీ_అప్‌గ్రేడ్ ఈ గణాంకాలను కొత్త సర్వర్‌కు మోసుకురాదు, ప్లానర్ గుడ్డిగా నడుస్తుంది. 11 నుంచి 12కో ఆపైకో వెళ్లినవాళ్లు జిట్‌ను (క్వెరీని నడిపే ముందు మెషీన్ కోడ్‌గా మార్చే సదుపాయం) కూడా అనుమానించాలి. 12 నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఖర్చు అంచనా లక్ష దాటిన క్వెరీలను అది కంపైల్ చేయబోతుంది, ఒక్కోసారి క్వెరీ కంటే కంపైలింగ్‌కే ఎక్కువ పడుతుంది. మీ సెషన్‌లో జిట్ ఆఫ్ చేసి అదే క్వెరీ నడిపితే తేడా తెలిసిపోతుంది.

చేత్తో నడిపితే 2 మిల్లీసెకన్లు, యాప్ నుంచి వస్తే 3 సెకన్లు. ఈ ఫిర్యాదు వస్తే డేటా టైప్‌లు చూడండి. కాలమ్ బిగ్‌ఇంట్ (పూర్ణ సంఖ్య), జావా కోడ్ బిగ్‌డెసిమల్ (దశాంశ సంఖ్య) పంపుతుంది. డేటాబేస్‌కు అది న్యూమరిక్‌గా అందుతుంది. రెండింటినీ పోల్చడానికి కాలమ్‌నే న్యూమరిక్‌గా మార్చుకుంటూ పోవాలి, ఇండెక్స్ పనికిరాదు, టేబుల్ అంతా చదవాలి. మీరు చేత్తో ఉత్త అంకె టైప్ చేస్తారు కాబట్టి మీకు ఇండెక్స్ దొరుకుతుంది. కోడ్‌లో ఒక్క టైప్ మారిస్తే సరిపోయే పని.

ఎస్‌వై పెరిగినప్పుడు కనెక్షన్లు లెక్కపెట్టండి. ఎనిమిది కోర్ల మీద 600 కనెక్షన్లు పెట్టి వేగం ఆశించకండి. ప్రతి రిక్వెస్టుకూ కొత్త కనెక్షన్ తెరిచి మూసే కోడ్ ఉంటే, ప్రతిసారీ ఒక కొత్త ప్రాసెస్ పుట్టి చావాలి. మధ్యలో, తెరిచిన కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టండి. కెర్నల్‌లో సమయం ఎటు పోతోందో పెర్ఫ్ టాప్ కమాండ్ చూపిస్తుంది. టాప్‌లో కెహ్యూజ్‌పేజ్‌డీ పైకొచ్చి కూర్చుంటే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ (మెమరీని పెద్ద ముక్కలుగా కలిపే కెర్నల్ సదుపాయం) ఆపి చూడండి.

పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరుతో పరాయి ప్రాసెస్

టాప్‌లో పైనున్న ప్రాసెస్ పోస్ట్‌గ్రెస్ యూజర్‌దే, కానీ దాని పిడ్ పీజీ_స్టాట్_యాక్టివిటీలో లేదు. ఆటోవాక్యూమ్ వంటి సొంత పనివాళ్లు కూడా ఆ వ్యూలో కనిపిస్తాయి, కాబట్టి అక్కడ లేకపోవడం చిన్న విషయం కాదు. పేరు కేడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్‌ఐ లాంటిదైతే ఇక సందేహం అక్కర్లేదు, అది క్రిప్టో మైనర్, మీ సీపీయూతో పరాయివాళ్లకు క్రిప్టోకరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రామ్. కెర్నల్‌లో నిజంగానే కేడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అని ఒకటుంది, చివర ఒక అక్షరం తగిలించి కలిసిపోవాలని చూస్తుంది. వేరే పేరుతో ఉన్నా, ప్రాక్ (ప్రాసెస్‌ల వివరాలుండే ఫోల్డర్) కింద ఆ పిడ్ ఫోల్డర్‌లోని ఎగ్జీ లింకు ఎటు చూపిస్తోందో చూడండి. టీఎంపీ ఫోల్డర్‌లోకో, డిలీట్ అయిన ఫైల్‌కో చూపిస్తే అంతే.

ఇది లోపలికి వచ్చే దారి తరచుగా ఒకటే. పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లు తీసుకునే 5432 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ ఊహించగలిగేలా ఉంటుంది. లోపలికొచ్చాక కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్‌తో సర్వర్ మీద ఏ కమాండైనా నడపొచ్చు. అది సూపర్‌యూజర్‌కు డేటాబేస్ ఇచ్చిన సదుపాయమే. 2020 డిసెంబరులో బయటపడ్డ పీజీమైనర్ ఈ దారినే వాడుకుంది. ఫైర్‌వాల్‌లో మూసేశామని నమ్మకంగా చెప్పేవాళ్లు ఒకటి గమనించాలి: డాకర్‌తో పోర్టు పబ్లిష్ చేస్తే అది యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్ ఫైర్‌వాల్ టూల్) నిబంధనలను దాటుకుని తెరుచుకుంటుంది. బయటి నుంచి, మీ ఇంటి నెట్ నుంచి ఆ పోర్టు తట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

మైనర్‌ను చంపగానే సీపీయూ దిగుతుంది. అక్కడితో వదిలేయకండి. పోస్ట్‌గ్రెస్ యూజర్ క్రాన్‌లో ఒక వరుస దాన్ని నిమిషంలో తిరిగి లేపుతుంది. క్రాన్ శుభ్రం చేసినా ఇంకేం దాచారో మీకు తెలియదు. ఆ సర్వర్‌ను నెట్ నుంచి తప్పించండి, కొత్తది కట్టండి, డేటాను మాత్రమే తరలించండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. మైనింగ్ చేసినవాడు మీ కస్టమర్ల వివరాలు కూడా చూడగలిగే స్థితిలో ఉన్నాడని గుర్తుంచుకుని యాజమాన్యానికి సూటిగా చెప్పండి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటును తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. ఈ మాట చెప్పడానికి మొహమాటపడేవాళ్లను చూశాను. సీపీయూ ఎందుకు పెరిగిందో తెలిసీ దాచిపెడితే నష్టపోయేది ఆ డేటా ఎవరిదో వాళ్లు.

మీ సర్వర్‌లో ఏ తప్పూ లేకుండానే సీపీయూ నిండే రోజులూ ఉంటాయి. 2012 జూలై 1 ఆదివారం, మన టైమ్ ప్రకారం పొద్దున ఐదున్నరకు ప్రపంచ గడియారాలకు ఒక లీప్ సెకను (భూభ్రమణంతో సమయం సరిపోయేలా చేర్చే అదనపు సెకను) కలిపారు. లినక్స్ కెర్నల్‌లోని ఒక బగ్ వల్ల ఎన్నోచోట్ల మైఎస్‌క్యూఎల్, జావా ప్రాసెస్‌లు ఒక్కసారిగా సీపీయూ పట్టేశాయి. డేట్ కమాండ్‌తో సమయాన్ని తిరిగి సెట్ చేస్తే దిగిపోయింది. క్వెరీల్లో రోజంతా వెతికినా దొరకని కారణం అది. అందుకే పెరుగుదల ఏ నిమిషంలో మొదలైందో గ్రాఫ్‌లో చూసి రాసుకోవాలి. పదింటికి నెమ్మదిగా ఎక్కితే జనం, గంట కొట్టినట్టు సరిగ్గా రెండింటికి ఎక్కితే క్రాన్, ఒక్క సెకనులో నిట్టనిలువుగా ఎక్కితే ఏదో ఘటన జరిగింది.

ఈ వారం చేసి పెట్టుకోవాల్సినవి

పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ గురించి చెప్పాను. దాంతో పాటు నిమిషానికోసారి యాక్టివిటీలోని యాక్టివ్ వరుసలనూ, టాప్‌లోని మొదటి ఇరవై ప్రాసెస్‌లనూ ఒక ఫైల్‌లోకి రాసే చిన్న స్క్రిప్ట్ క్రాన్‌లో పెట్టండి. ఏడు రోజులవి ఉంచి పాతవి తీసేయండి. రాత్రి మూడింటికి పెరిగి మీరు లేచేసరికి దిగిపోయిన సీపీయూకు ఇది తప్ప సాక్ష్యం దొరకదు. లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ ఒక సెకనుకు పెట్టండి, అంతకు మించిన క్వెరీలు లాగ్‌లో పడతాయి. రిపోర్టులు నడిపే యూజర్‌ను విడిగా సృష్టించి, ఆ యూజర్‌కు మాత్రమే స్టేట్‌మెంట్_టైమౌట్ రెండు నిమిషాలకు పెట్టండి. రిఫ్రెష్ ఎన్నిసార్లు కొట్టినా పాతవి వాటంతటవే రాలిపోతాయి, కౌంటర్ దగ్గర బిల్లు మాత్రం ఆగదు. బ్యాకప్ తీసే యూజర్‌కు ఈ టైమౌట్ తగలకుండా చూసుకోండి.

పెద్ద మెషీన్ ఎప్పుడు కొనాలని కూడా అడుగుతారు. స్టేట్‌మెంట్స్ జాబితాలో పైనున్న పది క్వెరీల ప్లాన్‌లూ చూసి, వాటి అంచనాలు నిజానికి దగ్గరగా ఉన్నాయని తేలి, కాల్స్ సంఖ్య వ్యాపారంతో పాటే పెరుగుతోందని కనిపించి, అప్పటికీ పని వేళల్లో 80 శాతం దాటుతుంటే కొనండి. ఆ పది ప్లాన్‌లను కొటేషన్‌కు జతచేసి ఇస్తే యజమానికి డబ్బు ఎందుకు పెడుతున్నారో కూడా తెలుస్తుంది.